ఇద్దఱు కవలలు, పది పేర్ల మనిషి

గడచిన వేసవిలో ఒకనాటి సాయంకాలము మా చెల్లెలు నాకు ఫోను చేసి, మాట పెగలక కన్నీరు పెట్టుకొన్నది. దాని కుమార్తెలిద్దఱును కవలలు. ఇద్దఱును పదవ తరగతి మంచి మార్కులతో గడచి, ఒక ధర్మసంస్థవారు ఆడపిల్లల కిచ్చు విద్యార్థివేతనమునకై ఆ సంస్థ వెబ్‌సైటులో చెఱియొక ఖాతా తెఱచి దరఖాస్తు పెట్టుకొనిరి. వారము దినములలో పెద్దపిల్ల దరఖాస్తు అంగీకరింపబడినదని వర్తమానము వచ్చినది. చిన్నదానికి మాత్రము, "మీ పేర నిదివఱకే యొక ఖాతా యున్నది. ఈ రెండవ ఖాతా నిలిపివేయబడినది" అని వచ్చినది.

"నా చిన్నబిడ్డ లేనే లేదని వ్రాసినారే, అక్కా! నేను కన్నది ఇద్దఱిని గదా!" అని మా చెల్లెలు వాపోయినది. దరఖాస్తులకు గడువు ఇంక పదునాలుగు దినములు మాత్రమే యున్నది. వేతనము రాకున్న చిన్నదానిని కాలేజీలో చేర్చుటకు ఆ యింట సొమ్ము లేదు.

కోపము వచ్చుట సహజమే. కాని కొంతసేపు ఆలోచించితిని. ఆ యంత్రమునకు కనబడిన దేమి? ఇద్దఱి ఇంటిపేరు ఒక్కటి. పేళ్లలో ఒక్క యక్షరమే భేదము. తండ్రి పేరు ఒక్కటి. పుట్టిన తేదీ ఒక్కటి. ఊరును ఇంటి నంబరును ఒక్కటి. ఇంట నున్నది తల్లి ఫోను ఒక్కటియే గనుక ఫోను నంబరును ఒక్కటి. ఇన్ని గుర్తులు కలిసిన పిమ్మట అది "ఇద్దఱు కారు, ఒక్కతెయే" యని తలచుటలో వింత యేమున్నది? లోకమున కవలలు పుట్టుదురని దానికెవ్వరును నేర్పలేదు. అంతే.

ఒకే మనిషి పలు పేర్లతో తెఱచిన ఖాతాల నెట్లు పట్టుదురు, ఆ పట్టుటలో నిర్దోషు లెట్లు చిక్కుకొందురు, మన మేమి జాగ్రత్త పడవలెను అను సంగతులను ఈ నెల ముచ్చటింతము. నేడు పరీక్షల ఫీజు మొదలు పచ్చళ్ల అమ్మకము వఱకు ఖాతా లేనిదే పని జరుగుట లేదు గనుక ఇది మన యింటి సంగతియే.

ముందుగా, ఇట్లు వెదకుట అవసరమా యని కొందఱడుగవచ్చును. అవసరమే. విద్యార్థివేతనములు నూఱు మాత్రమే యున్నచో, ఒక గడుసువాడు ఐదు పేర్లతో దరఖాస్తు పెట్టుకొని ఐదింటిని కాజేసిన, నలుగురు పేదపిల్లల నోటి కూడు పోయినట్లే. ఒక అంగడివాడు తన సరకును తానే ఇరువది పేర్లతో పొగడుకొన్నచో, నమ్మి కొన్న ఇల్లాలు మోసపోవును.

ఇందుకు 2015 వ సంవత్సరమున జరిగిన యొక యుదంతము చక్కని దృష్టాంతము. వికీపీడియా యను విజ్ఞానసర్వస్వమును మీలో చాలమంది ఎఱుగుదురు. దానిలో ఎవరైనను వ్యాసము వ్రాయవచ్చును, దిద్దవచ్చును. మన తెలుగు వికీపీడియాయు 2003 డిసెంబరు నుండి నడచుచున్నది. ఆంగ్ల వికీపీడియాలో చిన్న వ్యాపారులును కళాకారులును తమ్ము గూర్చి వ్యాసములు పంపగా, తగినంత ఆధారము లేదని కొన్ని త్రోసివేయబడుచుండెను. అట్టివారిని కొందఱు వెదకి పట్టుకొని, "మాకు సొమ్మిచ్చిన మీ వ్యాసమును ప్రకటింపజేసెదము" అనిరి. ప్రకటింపబడిన పిమ్మట, "నెల నెల ఇంత చెల్లించుచుండిన దాని నెవ్వరును తీసివేయకుండ కాపాడెదము" అనిరి. ఒక పేరుతో వ్యాసము వ్రాయుదురు. మఱియొక పేరుతో వచ్చి, దానిని పరిశీలించితిమి, బాగున్నదని ముద్ర వేయుదురు. చూచువారికి పలువురు పెద్దమనుష్యులు ఒక మాటపై నున్నట్లు తోచును.

తుదకు స్వచ్ఛంద సంపాదకులు ఈ బండారమును బయటపెట్టిరి. 2015 ఆగస్టు 31 వ తేదీన 381 ఖాతాలను మూసివేసితిమనియు, 210 వ్యాసములను తొలగించితిమనియు ప్రకటించిరి. ముందుగా పట్టువడిన ఖాతా పేరును బట్టి దీనిని 'ఆరెంజ్‌మూడీ' వ్యవహార మందురు. ఇట్టి ఖాతాలకు వారు పెట్టిన పేరునకు మేజోడుతో చేసిన బొమ్మ యని యర్థము. మనము తోలుబొమ్మ లనవచ్చును. కేతిగాడును బంగారక్కయు తెరమీద ఎంత తగవులాడినను వారి నాడించు కర్రలు తెర వెనుకనే యుండును గదా!

ఇక పట్టు విధానమునకు వత్తము. ఇందు మూడు మెట్లు కలవు.

మొదటి మెట్టు, మనము వ్రాసి యిచ్చిన వివరములను పోల్చుట. పేరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు, ఈమెయిలు మొదలగునవి. ఇది తేలికగా కనబడును గాని కాదు. మన లక్ష్మి పేరును ఆంగ్లాక్షరములలో వ్రాయునపుడు 'క్ష'కు కొందఱు కె, ఎస్, హెచ్ అను మూడక్షరములు కూర్తురు, మఱికొందఱు ఎక్స్ అను ఒక్క యక్షరముతో సరిపుచ్చుదురు. కొందఱు ఇంటిపేరును ముందు వ్రాయుదురు, కొందఱు వెనుక. కావున యంత్రము అక్షరములు సరిగా కలిసినవా యని మాత్రమే గాక, ఉచ్చారణ దగ్గరగా నున్నదా యనియు చూడవలెను. ధ్వనిని బట్టి పేర్లను గుంపులుగా చేర్చు 'సౌండెక్స్' అను పద్ధతికి అమెరికాలో 1918 లోనే పేటెంటు లభించినది. ఈమెయిలులోను గడుసుతనము కలదు. జీమెయిలులో పేరు నడుమ చుక్కలు పెట్టినను పెట్టకున్నను ఉత్తరము ఒక్క పెట్టెకే చేరును. కావున చుక్కలను తీసివేసి పోల్చవలెను. లేనిచో ఒకే పెట్టెతో పది ఖాతాలు తెఱవవచ్చును.

రెండవ మెట్టు, మనము చెప్పకయే తెలియు గుర్తులు. మన ఫోను ఇంటర్నెట్టులోనికి పోవునపుడు దానికి ఐ.పి. అడ్రసు అను నొక సంఖ్య యుండును. జవాబు ఎచటికి పంపవలెనో తెలియుటకు అది కావలెను. ఏ వెబ్‌సైటునకు పోయినను ఆ సంఖ్య కనబడును. మఱియు వెబ్‌సైటువారు మన బ్రౌజరులో 'కుకీ' యను చిన్న చీటీ నుంతురు. మరల వచ్చినపుడు ఆ చీటీని చూచి గుర్తుపట్టుదురు. ఒక పేరుతో బయటికి పోయి, అదే ఫోనునుండి మఱియొక పేరుతో లోనికి వచ్చినను చీటీ మాఱదు. ఇవియుగాక ఫోను రకము, తెర కొలత, అందున్న అక్షరముల సమూహములు మొదలగు చిన్నచిన్న వివరములు కలిపి చూచిన, అది ఆ ఫోనేయని చాలవఱకు పోల్చుకొనవచ్చును.

మూడవ మెట్టు, నడవడి. ఏ వేళకు వచ్చును, ఏ మాట తఱచు వాడును, ఏ తప్పు మాటిమాటికి చేయును, ఎవరిని పొగడును అనునవి. మనిషి పేరు మార్చుకొనవచ్చును గాని అలవాటు మార్చుకొనుట కష్టము. అమెరికా రాజ్యాంగమును సమర్థించుచు 1787, 1788 సంవత్సరములలో ముగ్గురు పెద్దలు 'పబ్లియస్' అను ఒక్క పేరుతో 85 వ్యాసములు వ్రాసిరి. అందు 12 వ్యాసములు హామిల్టను వ్రాసెనా, మాడిసను వ్రాసెనా యని చిరకాలము వివాదము నడచినది. 1964 లో మోస్టెల్లరు, వాలెసు అను ఇద్దఱు గణాంక పండితులు పెద్ద పెద్ద మాటలను విడిచి, చిన్న చిన్న మాటలను లెక్కించిరి. ఆంగ్లమున 'మీద' అను నర్థము గల 'అపాన్' అను మాటను హామిల్టను తఱచు వాడును, మాడిసను అరుదుగా వాడును. ఇట్టి మాటలు పెక్కింటిని కూడి చూచి, ఆ 12 వ్యాసములును మాడిసనువే కావచ్చునని తేల్చిరి. వ్రాయువారు తాము గమనించని మాటలే వారిని పట్టి యిచ్చినవన్నమాట.

ఈ విద్య మనకు కొత్తది కాదు. భారతమున దమయంతి కథను తలచుకొనుడు. రూపు మాఱి బాహుకుడను పేరుతో సారథియై వచ్చిన నలుని ఆమె యెట్లు గుర్తించినది? తొందరపడి ఒక్క గుర్తును నమ్మలేదు. ముందుగా చెలికత్తె కేశినిని పంపి మాటలలో పెట్టించినది. అతడు వంట చేయునపుడు వట్టి కుండలు నీటితో నిండుటయు, నిప్పు దానంతట రాజుకొనుటయు కేశిని చూచి వచ్చి చెప్పినది. అప్పటికిని దమయంతి తృప్తిపడక, అతడు వండినదానిని కొంచెము తెప్పించి రుచి చూచినది. ఆ చేతి రుచి ఆమె యెఱిగినదే. అటుపై బిడ్డలిద్దఱిని పంపినది. వారిని కౌగిలించుకొని బాహుకుడు కన్నీరు కార్చినాడని విన్న పిమ్మటనే అతనిని పిలిపించినది. మాట, పని, రుచి, మమకారము అను నాలుగును ఒక్కవైపే చూపినపుడు గాని ఆమె నిశ్చయింపలేదు.

వెబ్‌సైటుల యంత్రములకు తఱచు లోపించునది ఈ యోర్పే. లెక్క చూడుడు. ఒక వెబ్‌సైటులో వెయ్యి ఖాతాలే యున్నవనుకొందము. ఒక్కొక్క దానిని తక్కిన వానితో పోల్చిన 4,99,500 జతలగును. వెయ్యి జతలకు ఒక్క జత విషయమున మాత్రమే యంత్రము పొరబడినను, దాదాపు 500 తప్పుడు జతలు తేలును. వెయ్యి ఖాతాలకే ఇట్లుండ, లక్షల ఖాతాల మాట చెప్పనేల? ఈ శ్రమ తగ్గుటకై పుట్టిన తేదీ, జిల్లా మొదలగువాని ననుసరించి ముందు గుంపులు చేసి, గుంపులలోనే పోల్చుదురు. కాని పుట్టిన తేదీ సరిగా తెలియని పెద్దలకు జనవరి 1 వ తేదీయని వ్రాయించుట మన దేశమున వాడుక గదా. అట్టి గుంపులో వట్టి 'లక్ష్మమ్మ'లే ఎందఱుందురో ఊహించుడు.

ఇక ఐ.పి. అడ్రసు సంగతి. ఇంట నెందఱున్నను అందఱును ఒక్క పెట్టెద్వారా ఇంటర్నెట్టులోనికి పోయినచో, బయటివారికి ఒక్క సంఖ్యయే కనబడును. అత్తగారు, కోడలు, ఆడబిడ్డ ముగ్గురును ఒక వంటల పోటీకి వేఱువేఱుగా పేర్లిచ్చినను, ఒక్కరే ముమ్మాఱు ఇచ్చినట్లుండును. సెల్‌ఫోను కంపెనీలు చాలమంది చందాదారులను ఒక్క సంఖ్య వెనుక నుంచుటయు కలదు. అప్పుడు ముక్కుమొగ మెఱుగని వారును ఒక్కరుగా కనబడుదురు. ఆంగ్ల వికీపీడియాలో ఒక్క సంఖ్యనుండి దినమునకు ఆఱు క్రొత్త ఖాతాలకు మించి తెఱవరాదని కట్టడి కలదు. ఇది మోసగాండ్ర కొఱకు పెట్టినది. కాని ఒక కాలేజీలో ఇరువదిమంది యువతులు ఒక గదిలో కూర్చుండి వ్యాసములు వ్రాయ నేర్చుకొనదలచినపుడు, ఏడవ పిల్లకు తలుపు మూసికొనును. ముందుగా అనుమతి కోరినచో సడలింతురు, అది వేఱు సంగతి.

దీనివలన నష్టపడువారెవరు? సొంత ఫోను, సొంత కంప్యూటరు, సొంత ఈమెయిలు గలవారు సులభముగా తప్పించుకొందురు. ఇంటి కొక్క ఫోనుతో గడుపుకొనువారు, భర్త నంబరుతోనో కుమారుని నంబరుతోనో పనులు నడుపుకొను ఇల్లాండ్రు, వసతిగృహములలోని బాలికలు చిక్కుకొందురు. నిజమైన మోసగాడు నాలుగు నంబరులు కొని వేయగలడు. బీదరాలు రెండవ నంబరు కొనలేక మోసగత్తె యనిపించుకొనును. ఈ సంగతి వెబ్‌సైటులు నడుపువారు తప్పక గుర్తుంచుకొనవలెను.

ఒక్క పేరు వెనుక ఒక్కరే యుండవలెనన్న నియమమును లోకమున లేదు. 'బీనాదేవి' యను పేరుతో వెలువడిన కథలను నరసింగరావు, త్రిపురసుందరి దంపతులిద్దఱును వ్రాసిరని మనకు తెలిసినదే. అట్లే ఒకరికి రెండు పేర్లున్నంత మాత్రమున నేరము కాదు. పని కొఱకు ఒక ఖాతా, ఇంటివారితో ముచ్చటలకు మఱియొకటి యుంచుకొన్న దోషమేమి? వేధించువాని కంటబడకుండ వేఱు పేరుతో మాటాడు స్త్రీని తప్పుపట్టుదుమా? వికీపీడియావారును, దాచక చెప్పుకొన్నచో రెండవ ఖాతాను చాల సందర్భములలో ఒప్పుకొందురు. ఇద్దఱమని నమ్మించి రెండు ఓట్లు వేయుట, తన్ను తాను పొగడుకొనుట, శిక్ష తప్పించుకొనుట ఇవియే దోషము. కావున వెదకవలసినది రెండు పేర్లను గాదు, మోసమును.

ఈ విషయమున వికీపీడియావారి పద్ధతి కొంత మేలుగా తోచును. ఐ.పి. అడ్రసులను పోల్చి చూచు నధికారము అందఱికి నుండదు. నమ్మకస్థులైన బహు కొద్దిమందికే, రహస్యము కాపాడెదమని సంతకము పెట్టించుకొని యిత్తురు. ఆ వివరములు సుమారు మూడు నెలలకు మించి నిలువ యుండవు. తగిన అనుమానము చూపనిదే, ఊరక కుతూహలమునకు, ఎవరి ఖాతాను తనిఖీ చేయరాదు. సంఖ్య కలిసినను, వ్రాతతీరును నడవడియు కలియకున్న "తేలలేదు" అని చెప్పుదురు. తప్పు పట్టబడితి ననుకొన్నవారు తిరిగి విన్నవించుకొను మార్గమును కలదు.

సోదరీమణులారా! మనము చేయదగిన పనులు కొన్ని గలవు.

పాస్‌వర్డు మఱచినచో విసుగుచెంది క్రొత్త ఖాతా తెఱవకుడు. రెండు ఖాతాలు ఏర్పడుటకు సర్వసాధారణమైన కారణ మిదియే. "పాస్‌వర్డు మఱచితిని" అను చోట నొక్కి, పాత ఖాతానే తిరిగి తెఱచుకొనుడు.

మీ పేరును ఆంగ్లాక్షరములలో ఒక్క తీరుననే వ్రాయుడు. ఆధారు కార్డునందును, పాఠశాల పత్రములందును, బ్యాంకు పుస్తకమునందును ఏ తీరున నున్నదో చూచి, భేదమున్నచో దిద్దించుకొనుడు. పిల్లల విషయమున ఇది మఱియు ముఖ్యము.

ఎదిగిన ఆడపిల్లకు, వీలైనచో, తన సొంత ఈమెయిలు ఏర్పఱుపుడు. దానికి సొమ్ము కానక్కఱలేదు. ఫోను నంబరు మార్చునపుడు, పాత నంబరుతో ముడిపడిన ఖాతాలన్నింటిలోను క్రొత్తది వ్రాయుడు. మీరు విడిచిన నంబరు కొన్నాళ్లకు మఱియొకరి కిత్తురు. అప్పుడు వారి ఖాతాయు మీ ఖాతాయు ఒక్కటిగా కనబడగలవు.

ఇంట ఇద్దఱు ముగ్గురు ఒక్క చోటనే దరఖాస్తు పెట్టుకొనునపుడు, అవకాశమున్నచో ఆ సంగతి ముందే వ్రాయుడు. ఖాతా నిలిపివేసినారన్న వర్తమానము వచ్చినచో, కోపముతో మూడవ ఖాతా మాత్రము తెఱవకుడు. అది యనుమానమును బలపఱచును. పాత ఖాతా నంబరును, తేదీని, ఇద్దఱని రుజువు చేయు పత్రములను జతచేసి శాంతముగా విన్నపము వ్రాయుడు. దాని నకలు దగ్గఱ నుంచుకొనుడు. మనిషి చేత చూపించి నిర్ణయింపుడని స్పష్టముగా కోరుడు.

మా చెల్లెలిచేత నేనట్లే వ్రాయించితిని. ఇద్దఱి జనన పత్రములు, పదవ తరగతి హాలుటికెట్టు నంబరులు, ఇద్దఱును నిలుచున్న ఫోటో పంపినది. నాలుగు దినములు సమాధానము లేదు. మరల వ్రాసినది. ఎనిమిదవ దినమున ఆ సంస్థలో పనిచేయు నొక అమ్మాయి తానే ఫోను చేసి, "అమ్మా! పిల్లలిద్దఱిని ఒక్కసారి వీడియోలో నా యెదుట నిలువబెట్టుడు" అన్నదట. ఇద్దఱును ప్రక్కప్రక్కన వచ్చి నిలిచినారు. ఆ యమ్మాయి చూచి నవ్వి, "క్షమింపుడు" అని యన్నది. ఆ సాయంకాలమే చిన్నదాని ఖాతా తెఱచికొన్నది.

యంత్రము ఎనిమిది నాళ్లు తేల్చని సంగతిని మనిషి ఒక్క నిమిషములో తేల్చినది. కాని ఆ నిమిషము దొరకుటకు మా చెల్లెలు రెండు మాఱులు వ్రాయవలసి వచ్చినది. వ్రాత రాని తల్లి యైనచో ఏమగును? మీ యిరుగుపొరుగున అట్టివారుండిన, వారి తరఫున ఆ యొక్క విన్నపము మీరు వ్రాసి పెట్టుడు. చదువు నేర్చినందుకు మనము చేయదగిన సాయములలో ఇదియు నొకటి.